ఒకే ఎత్తులో చిల్లులు

పోయిన వారం లాండ్రీ మడతని మనం నడివీధిలో, ముఖం మీద హెడ్మాస్టారి చొక్కాతో వదిలేసి వచ్చాం. ఆ చొక్కా గాలికి ఎగిరొచ్చి పడింది కాదు. హెడ్మాస్టారే విసిరికొట్టాడు. "ఇది చొక్కానా, జల్లెడా?" అని ఆయన అడిగితే వీధి వీధంతా నవ్వింది. మడత ఇస్త్రీ చేసిన బట్ట లేనిదే గడప దాటని వాళ్ళు కూడా నవ్వారు. నవ్వని వాడు ఒక్కడే, ఇంటాయన. మడత లాండ్రీ నడుపుతున్న గది ఆయనది. ఆయన నవ్వకుండా గడువు పెట్టాడు.

"ఆదివారం సాయంత్రం వస్తాం. ఈ చిల్లులు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూపించు. చూపించలేకపోతే తాళం నా చేతిలో పెట్టు."

ఈ రోజే ఆ ఆదివారం.

మడత అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అతను మడత పెట్టిన చొక్కా అప్పుడే దుకాణంలో పెట్టెలోంచి తీసినట్టుంటుంది, అందుకని ఆ పేరు నిలిచిపోయింది. అతనికీ మనుషుల పేర్లు గుర్తుండవు. ముఖాలు అసలే గుర్తుండవు. తల వంచుకుని బతికే పని కదా. అతని లెక్కలో వీధంటే గోధుమరంగు గళ్ళు, కాలరు చిరిగిన తెలుపు, బొత్తాం ఊడిన నీలం. ఆ గళ్ళ లోపల ఎవరున్నారో అతనికి అనవసరం.

అలాంటి వాడి కొట్టులో బట్టలకి చిల్లులు! ఆవగింజంత, మిరియపు గింజంత. ఇచ్చేటప్పుడు ఉండవు. ఉతికి, ఇస్త్రీ పెట్టె తగలగానే కనిపిస్తాయి. మడత చూడని చోటు లేదు. పురుగనుకున్నాడు. అరల నిండా కలరా ఉండలు పోశాడు, వచ్చినవాళ్ళు ముక్కు మూసుకున్నారు తప్ప చిల్లులు ఆగలేదు. జిప్పుల పళ్ళు పక్క బట్టని కొరుకుతున్నాయేమోనని ప్రతి ప్యాంటు జిప్పూ మూసి మరీ మిషన్లో వేశాడు. మిషన్ డ్రమ్ములో ఎక్కడైనా ఇనుప ముక్క లేచిందేమోనని పాత నైలాను మేజోడు చేతికి తొడుక్కుని లోపలంతా తడిమాడు. ఒక్క పోగు తగులుకోలేదు. సబ్బు మార్చాడు. బ్లీచింగ్ మానేశాడు. అరల చెక్కలు ఊడదీసి, గీకి, మళ్ళీ బిగించాడు. చిల్లులు మాత్రం వాటి దారిన అవి వచ్చాయి. ఒక చొక్కాకి పైన, ఒకదానికి కింద, ఒకదానికి ఇంకెక్కడో. ఒక వరసంటూ లేదు.

ఇక మిగిలింది మనిషి. మనిషనగానే మడత కళ్ళ ముందు ఒకడే మెదిలాడు.

ఎదురుగా, రోడ్డుకి అవతల, తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. ఒకప్పుడు రెండు జంటలూ కలిసి ఈ కొట్టే నడిపేవి. మూడేళ్ళ కిందట హెడ్మాస్టారు కోటు జేబులో మరిచిపోయిన ఉంగరం కనపడకుండా పోతే, మడత వీధి మొత్తం చూస్తుండగా తన మరదల్నే దొంగ అన్నాడు. ఆ సాయంత్రమే వాళ్ళిద్దరూ మూటా ముల్లే సర్దుకుని వెళ్ళి, అవతల సొంత కొట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు మడత గిరాకీలో సగం అటే నడిచింది. అటు వెళ్ళిన వాళ్ళ బట్టలకి కొత్త చిల్లులు పడటం లేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

మధ్యాహ్నం భోజనం కంచంలోనే వదిలేసి, చిల్లుల బట్టలన్నీ మూటగట్టుకుని, మూడేళ్ళలో మొదటిసారి మడత రోడ్డు దాటాడు.

తోడల్లుడు ఇస్త్రీ చేస్తున్నాడు. మడతని చూసి పెట్టె నిలబెట్టాడు.

"రా అన్నయ్యా. టీ తాగుతావా?"

"అన్నయ్యా గిన్నయ్యా వద్దు. ఏం కలుపుతున్నావు?"

"టీలోనా?"

"బట్టల్లో!" మడత మూట విప్పి బల్ల మీద కుమ్మరించాడు. "నా కొట్టు మూతపడితే ఎవడికి లాభం?"

"నాకే. కాదని అబద్ధమెందుకు?" అన్నాడు తోడల్లుడు. "కానీ నీ కొట్టుకీ నా కొట్టుకీ మధ్య ఇంత రోడ్డుంది. నేనేమన్నా గబ్బిలమై ఎగిరొచ్చి కొరుకుతున్నానా?"

"నీ దగ్గరికొచ్చిన వాళ్ళకి చిల్లులు ఎందుకాగిపోయాయి? చెప్పు!"

"నాకేం తెలుసు? నీ దగ్గర ఎందుకు పడుతున్నాయో తెలిస్తే నా దగ్గర ఎందుకు పడట్లేదో చెప్తా."

లోపలి గది తెర వెనక ఎవరో దగ్గారు. మరదలి దగ్గని మడత గుర్తుపట్టాడు. తెర మాత్రం కదల్లేదు.

"నోరు బాగా లేస్తోంది నీకు," అన్నాడు మడత. "సాయంత్రం వీధంతా వస్తుంది. వాళ్ళ ముందు లేవాలి నోరు, అప్పుడు చూద్దాం. నీ కొట్టుకి తాళం పడేదాకా నిద్రపోను నేను."

అప్పుడు తోడల్లుడు ఇస్త్రీ బల్ల వెనక నించి ఇవతలికి వచ్చాడు. మడత ఎదురుగా నిలబడి తన చొక్కా బెల్టు పైన రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

"మరి దీని సంగతేంటి? నన్ను నేనే కొరుక్కున్నానా?"

మిరియపు గింజంత చిల్లు. పక్కన ఇంకొకటి.

"ఎప్పుడు పడింది?"

"నీ మరదలికి జ్వరం తగ్గక మూలుగుతుంటే, వదినని ఒక్కసారి పంపమని అడగడానికి నీ కొట్టుకొచ్చా. గుర్తుందా? గంటసేపు బతిమాలుతూ నిలబడ్డా. నువ్వు తలెత్తితే ఒట్టు. ఆ రోజు వేసుకున్న చొక్కా ఇది. నేనే ఉతుక్కున్నా, నేనే ఇస్త్రీ చేసుకున్నా. పెట్టె తగలగానే అక్కడ పొడిలా రాలిపోయింది."

మడత ఇంకో తిట్టు సిద్ధం చేసుకుని నోరు తెరిచాడు. ఈ చొక్కా అతని తొట్టిలో మునగలేదు, అతని అరలో పడుకోలేదు, అతని చేతి మడత చూడలేదు. అయినా చిల్లు పడింది.

అతను మూటలోంచి హెడ్మాస్టారి చొక్కా లాగాడు. దాని చిల్లు జేబుకి కాస్త కింద. బస్సు డ్రైవరు టీషర్టు లాగాడు. దాని చిల్లు అడుగు అంచుకి బెత్తెడు పైన. ఇన్నాళ్ళూ వీటిని అతను మడతలోనే చూశాడు, పరుపు మీద పడుకున్న మనుషుల్ని చూసినట్టు. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు, ఆ చొక్కాకి చిల్లుంది, ఆ చిల్లు నేల నించి ఒక ఎత్తులో ఉంది.

"హెడ్మాస్టారు ఎంత పొడుగుంటాడు?" అని అడిగాడు మడత.

"ఏం, ఆయన్నెప్పుడూ చూళ్ళేదా? ఇదిగో, నా భుజం దాకా. ఆయన పాఠం చెప్తే బోర్డు పై సగం కొత్తదానిలా ఉంటుందంటారు పిల్లలు."

మడత చొక్కాని తోడల్లుడి భుజం కిందికి దించి పట్టుకున్నాడు. జేబు కింది చిల్లు జారి జారి, తోడల్లుడి బెల్టు పైకి వచ్చి ఆగింది.

"డ్రైవరు?"

"వాడు నా గుమ్మంలో తల వంచి వస్తాడు."

టీషర్టు పైకెత్తాడు. అడుగు అంచు చిల్లు పైకి లేచి, అదే చోట ఆగింది.

మూట అడుగున ఒక చిన్న గౌను ఉంది. పాల బూత్ ఆవిడ కూతురిది. చిల్లు మెడ దగ్గర. మడత దాన్ని ఎత్తి చూడలేదు. ఆ పిల్ల మెడ ఎంత ఎత్తుంటుందో అడగనూ లేదు. అతని అరచెయ్యి గాల్లో ఆ ఎత్తు దగ్గరే, దేని మీదో ఆనినట్టు ఆగి ఉంది. ఆ ఎత్తు అతనికి బాగా తెలుసు. తన చేత్తో కొలిచి వడ్రంగికి చెప్పిన ఎత్తది.

"ఏంటన్నయ్యా? ఏం తట్టింది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే అలా పాలిపోయావేంటి? కూర్చో ముందు."

"నీ కుర్చీలో కూర్చునేంత గతి నాకింకా పట్టలేదు."

మూట చంకలో పెట్టుకుని మడత బయటపడ్డాడు. కారణం దొరికింది, ఎగిరి గంతెయ్యాలి. కానీ అతనికి కడుపు మండిపోతోంది. ఇన్ని నెలలు పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ తిట్టుకోవడానికి, పడుకునే ముందు శాపనార్థాలు పెట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఏమీ చెయ్యలేదట! శత్రువైన వాణ్ణి క్షమించే వాళ్ళున్నారేమో గానీ, శత్రువు కాకుండా పోయిన వాణ్ణి క్షమించడం మడత వల్ల కాలేదు.

కొట్టు ముందు కౌంటరు బల్ల. మడత భార్య రబ్బరు తొడుగులు వేసుకుని, తడిగుడ్డతో బల్ల అంచు తుడుస్తోంది. రోజూ తుడుస్తుంది. శుభ్రమైన మనిషని వీధంతా మెచ్చుకుంటుంది. మడత ఎప్పటిలా పక్క తలుపులోంచి లోపలికి పోలేదు. గిరాకీ నిలబడే చోట నిలబడ్డాడు. కొట్టు పెట్టిన దగ్గర్నించి అతనటు నిలబడటం ఇదే మొదలు. నిలబడగానే పొట్ట బల్ల అంచుకి ఆనింది. అందరికీ ఆనినట్టే.

గబుక్కున వెనక్కి జరిగి, తడి అంచు మీద వేలు రాసి, నాలిక కొసకి తాకించాడు. పళ్ళు పులిసిపోయాయి.

"ఏం నీళ్ళివి?"

"బల్ల తుడిచే నీళ్ళు."

"ఏం కలిపావు?"

ఆమె గుడ్డ పిండుతూ, "మీరు నేర్పిందే," అంది.

తుప్పు మందు. బట్ట మీద ఇనుప మరక పడితే ఒక్క చుక్క వేస్తారు, మరక పోతుంది. వేసిన వెంటనే ధారగా నీళ్ళు పోసి కడిగెయ్యాలి. రంగుండదు, వాసనుండదు. బట్టలో అలాగే ఎండిపోయిందో, అక్కడి పోగు లోలోపలే చివికిపోతుంది, తర్వాత ఎంత ఉతికినా ఇస్త్రీ వేడి తగిలిన రోజున పొడైపోతుంది. పెళ్ళైన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని మరీ నేర్పాడు.

"నీకేమన్నా పిచ్చెక్కిందా?" అన్నాడు మడత. "మన కొట్టే! మన అన్నమే! పురుగని, మిషనని, నేను గోడలకి తల బాదుకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చూశాను. బాగానే ఉంది చూడటానికి."

"ఏమే!"

"అరవకండి. ఆదివారం, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు." ఆమె తొడుగులు సర్దుకుంది. "ఆ ఉంగరం నేనే కదా మీ చేతిలో పెట్టింది? కోటు జేబుకి చిల్లుంటే అస్తర్లోకి జారిపోయింది. అస్తరు విప్పి తీశాను. మాస్టారికిచ్చి జరిగింది చెప్పండి, చెల్లి పేరు కడిగెయ్యండి అన్నాను. అలాగే అన్నారు. అన్నారా లేదా?"

మడత చంకలో మూట ముడి సర్దుకున్నాడు.

"చెప్పారనే అనుకున్నాను. అందరికీ తెలుసనే అనుకున్నాను. చెల్లికి మనసు విరిగి రావట్లేదనుకుని, దాన్నే తప్పు పట్టాను. మొన్న ఎండలు ముదురుతున్నప్పుడు మాస్టారొచ్చి ఇదిగో ఇక్కడే మోచేతులు పెట్టుకుని నిలబడి, నాతో నవ్వుతూ అన్నాడు. 'మీ చెల్లెలు మంచిదేలెండి, భయపడైనా తెచ్చిచ్చింది కదా' అని. ఆయనకి మీరు చెప్పింది అదా?"

"అప్పటికే వీధిలో నోరు జారాను. మళ్ళీ కాదంటే నా ముఖం ఏం కాను?"

"మీ ముఖం!" ఆమె నవ్వింది. అందులో నవ్వు లేదు. "ఆ రోజు చెల్లి తన దగ్గరేం లేదని సంచి బోర్లించింది ఈ బల్ల మీదే. దాని దువ్వెన, దాని లోపలి బట్టలు, అన్నీ. ఈ అంచుకి పొట్టలానించి, సినిమా చూసినట్టు చూశారు మీ గిరాకీలంతా. ఒక్కరు కూడా కదల్లేదు. అందుకే ఈ అంచు. అందుకే ఆ పొట్టలు. మీరు మాట దాచారు, నేను మందు కలిపాను."

మడత మూటలోంచి చిన్న గౌను తీసి బల్ల మీద పరిచాడు.

"ఈ పిల్ల ఏం చూసింది? మూడేళ్ళ కిందట ఇది నడక నేర్చిందో లేదో!"

ఆమె గౌను మెడ దగ్గరి చిల్లు వైపు చూసింది. ఇంతసేపూ తడుముకోని మనిషి ఇప్పుడు తడుముకుంది.

"అది... గడ్డం ఆనించి బల్ల పట్టుకుని వేలాడుతుంది. నేను చూసుకోలేదు. ఆ తర్వాత నీళ్ళు పలచన చేశాను."

"పలచన చేశావు! ఆపలేదన్నమాట."

"మీరు ఆపారా?"

రోడ్డు చివర మాటలు వినిపించాయి. ఇంటాయన గొంతు, వెనకే హెడ్మాస్టారి చెప్పుల చప్పుడు. భార్య గొంతు తగ్గించింది.

"ఒక్కటే మాట. వాళ్ళ ముందు చెప్పండి, ఉంగరం జేబు చిల్లులోంచి జారింది, దొంగ ఎవరూ లేరు, నేనే అబద్ధమాడాను అని. మీరు చెప్పిన మరుక్షణం, ఈ నీళ్ళు కలిపింది నేనేనని నా నోటితో నేనే చెప్తాను. ఛీ అంటే నన్నంటారు. కొట్టు మీకు మిగులుతుంది. నేను చెల్లి దగ్గరికి పోయి నాలుగిళ్ళ గిన్నెలు తోముకుంటాను."

"చెప్పకపోతే?"

"చెప్పేదాకా తుడుస్తాను."

మడత పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళి బల్ల వెనక తన చోట నిలబడ్డాడు. బకెట్ ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.

ఇంటాయన, హెడ్మాస్టారు, తల వంచుకుని బస్సు డ్రైవరు, ఇంకా కొందరు వచ్చారు. తోడల్లుణ్ణి కూడా పిలుచుకొచ్చారు. అందరూ అలవాటుగా వచ్చి బల్లకి ఆనుకున్నారు. హెడ్మాస్టారి వేలికి ఉంగరం మెరుస్తోంది.

"ఏమయ్యా, దొరికిందా కారణం?" అన్నాడు ఇంటాయన. "దొరక్కపోతే తాళం ఇటివ్వు. ఆదివారం పూట ఎక్కువసేపు నిలబెట్టకు."

"మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి కొలతలు తీశాడండీ," అన్నాడు తోడల్లుడు మంచితనంగా. "అన్నయ్యకి ఏదో తట్టింది. కాస్త చెప్పనివ్వండి."

ఆ మంచితనం మడతకి కారంలా తగిలింది. వీడు తన తరఫున మాట్లాడటమా! వీడి జాలితో తను కొట్టు నిలబెట్టుకోవడమా! నిజం చెప్పాలంటే మూడేళ్ళ అబద్ధం ఈ ఉంగరం పెట్టుకున్న మనిషి కాళ్ళ ముందు పరచాలి. తెర వెనక దగ్గిన మనిషి రేపు తల ఎత్తుకుని ఈ వీధిలో నడుస్తుంది. తను తల దించుకోవాలి. మడత ఆ దృశ్యాన్ని ఒక్క రెప్పపాటు చూశాడు. చాలనిపించింది.

"దొరికింది," అన్నాడు. "మనిషే దొరికాడు."

"ఎవడు?"

మడత చెయ్యెత్తి తోడల్లుణ్ణి చూపించాడు.

"తుప్పు మందు చల్లుతున్నాడు. నా గిరాకీ లాక్కోవడానికి. మొదట్లో నా దగ్గరే నేర్చుకున్నాడుగా పని."

"అన్నయ్యా!"

"సాక్ష్యం కావాలా? వీడి చొక్కా చూడండి, బెల్టు పైన. నా కొట్టులో ఉతకని చొక్కాకి అవే చిల్లులు ఎలా వచ్చాయి? చల్లేవాడి మీద నాలుగు చుక్కలు చిందకుండా ఉంటాయా?"

అందరి కళ్ళూ ఒక్కసారి అటు తిరిగాయి. తోడల్లుడి చెయ్యి తనకి తెలియకుండానే చిల్లు మీదికి పోయింది. అదింకా కొంప ముంచింది.

"ఔరా!" అన్నాడు డ్రైవరు.

"అప్పుడు పెళ్ళాం, ఇప్పుడు మొగుడు," అన్నాడు హెడ్మాస్టారు. "కుదిరారు ఇద్దరూ."

తోడల్లుడు మడత వంక చూడలేదు. బల్ల వెనక నిలబడ్డ మనిషి వంకే చూస్తూ, "వదినా," అన్నాడు. అంతే.

మడత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇన్ని నెలల తర్వాత కడుపులో మంట చల్లారినట్టయింది. అతని భార్య వంగింది. బకెట్ రెండు చేతులా ఎత్తి బల్ల మధ్యన ధన్‌మని పెట్టింది.

నీళ్ళు తొణికి, బల్లంతా పారి, అన్ని వైపులా చిందాయి. ఇంటాయన చొక్కా తడిసింది. డ్రైవరు టీషర్టు తడిసింది. "అయ్యో, చూసుకోమ్మా," అంటూ హెడ్మాస్టారు తీరిగ్గా పొట్ట దులుపుకున్నాడు. ఎవరూ కదల్లేదు.

మడత ఒక్కడే ఎగిరి వెనక్కి దూకాడు. చొక్కాని ఒంటికి తగలకుండా రెండు చేతులా ముందుకి లాగి పట్టుకుని, వీపు అరకి కొట్టుకుని, పైనున్న మడతలన్నీ నెత్తిన కూలుతుంటే అలాగే బిగుసుకుపోయాడు.

హెడ్మాస్టారి చెయ్యి తడి చొక్కా మీదే ఆగింది. ఆయన ఆ తడిని చూశాడు, మడతని చూశాడు, మళ్ళీ తడిని చూశాడు.

"నీళ్ళేగదయ్యా," అన్నాడు మెల్లిగా. "నీళ్ళకి అంత ఎగిరావేంటి?"

మడత భార్య తొడుగులు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టింది.

"చెప్పండి," అంది. "మాస్టారు అడుగుతున్నారు."